చిల్లర కోసం వెళ్లినవాళ్లు

వకీలు గుమాస్తాగా ఎన్నో ఏళ్లు ఇతరుల కష్టాలను అర్జీలుగా రాశాను. నా సొంత మాటగా ఏదీ రాయలేదు, రాయాల్సిన అవసరమూ కనిపించలేదు. పోయిన వేసవిలో ధర్మవరం నుంచి ఖాజాబీ ఫోన్ చేసింది. ఆమె భర్త మస్తాన్ కేసు మా ఆఫీసులో నడిచినప్పటి నుంచి ఆమె నన్ను అన్నా అని పిలుస్తుంది.

“అన్నా, పాపను బడిలో ఎవురో బాంబు సాయిబు కూతురు అన్న్యారంట. ఇంటికొచ్చి, నాయన బాంబు ఏసినాడా మా అని అడుగుతాంది. ఏం చెప్పాల?”

“కోర్టు విడుదల చేసిందని చెప్పమ్మా. తీర్పు నకలు మీ దగ్గర ఉండాది కదా.”

“ఉండాది. ఇంగ్లీషులో ఉండాది. చదివించుకుంటే యాడ చూసినా నిందితుడు, నిందితుడు అనే వస్తాది. ఎందుకు ఇడిసిపెట్టినారో పాపకు తెలిసేట్టు దాంట్లో లేదన్నా. నువ్వు రాసియ్యి.”

ఆమె చెప్పింది నిజమే. తీర్పులో సాక్షుల పేర్లుంటాయి, సెక్షన్లుంటాయి. ఒక్క మాట చెప్పడానికి ఎవరు ఎంత నలిగిపోయారో ఉండదు. ఆ పాప పెద్దదయ్యాక చదువుకోవాలని, పెనుకొండ బస్టాండులో ఈ కథను ఇప్పటికీ తలకిందులుగా చెప్పేవాళ్లు కూడా చదవాలని ఇది రాస్తున్నాను.

అది 1998. హిందూపురంలో క్రిమినల్ కేసులు చూసే వెంకటరమణ వకీలు గారి దగ్గర నేను గుమాస్తాగా ఉన్నాను. గుమాస్తా అంటే కట్టలు మోసేవాడని చాలామంది అనుకుంటారు. వాయిదాలు గుర్తు పెట్టుకోవడం, సాక్షులను వెతికి తేవడం, వాళ్లను కోర్టు వరండాలో కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం, ఏడ్చేవాళ్లకు టీ తెప్పించడం, ఇవన్నీ గుమాస్తా పనులే. నేను పదో తరగతి దాటలేదు. మిగతా చదువంతా ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో జరిగింది. కోర్టు అయిపోయాక అక్కడి కిటికీ పక్క బల్ల నాది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, పాత వారపత్రికలను అట్ట నుంచి అట్ట దాకా చదివేవాణ్ణి. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను. నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం పెనుకొండలో ఒక బ్రాంది షాపులో నాటుబాంబు పేలింది. ముందు గదిలో సీసాలు అమ్మేవారు. వెనక రేకుల షెడ్డులో బల్లలు వేసి తాగడానికి కూర్చోబెట్టేవారు. ఎవరో షెడ్డుకు పక్క వీధి వైపున్న తలుపు తోసి బాంబును లోపలికి విసిరి వెళ్లిపోయారు. షాపును వేలంలో పాడుకున్నవాడు ఒక వర్గం మనిషి, వేలంలో ఓడినవాడు ఇంకో వర్గం మనిషి. మా జిల్లాలో ఆ రోజుల్లో అంతకన్నా వివరం ఎవరూ అడిగేవారు కాదు. చనిపోయిన ఇద్దరు మాత్రం ఏ వర్గానికీ చెందనివాళ్లు. గ్లాసులు అందించే గంగన్న అక్కడికక్కడే పోయాడు. ఒక బస్సు కండక్టరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడు.

కొన్ని రోజుల తర్వాత మా వకీలు సార్‌తో కలిసి ఆ షెడ్డు చూడటానికి వెళ్లాను. రేకులు జల్లెడ అయ్యాయి. ఆ చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. నేలను ఎవరూ కడగలేదు. వేరుశనగ పొట్టు, ఒంటి చెప్పు, గోడకు ఎండి నల్లబడిన మరకలు. గోడకు వేలాడుతున్న క్యాలెండరులో దేవుడి బొమ్మకు ఒక్క గీత కూడా పడలేదు. సార్ దాని వైపు కాసేపు చూసి బయటికి నడిచారు.

ఆ కేసులో నిందితుడు మస్తాన్. ధర్మవరంలో పట్టుకు రంగులు అద్దే పనివాడు. బాంబు పేలిన కాసేపటికి బస్టాండు వైపు పరుగెత్తుతుంటే పట్టుకున్నారు. చొక్కా చేతులు మాడి ఉన్నాయి. మణికట్ల దాకా రెండు చేతులూ పసుప్పచ్చగా ఉన్నాయి. నాటుబాంబుల్లో వాడే ఒక మందు రంగు కూడా పసుపే. పట్టుకున్నవాళ్లకు అది చాలింది. తర్వాత ఎఫ్‌ఎస్‌ఎల్ నివేదిక వచ్చింది. ఎఫ్‌ఎస్‌ఎల్ అంటే నేరం జరిగిన చోట దొరికినవాటిని పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాల. మస్తాన్ బట్టల మీద, చేతుల మీద పేలుడు మందు ఆనవాళ్లు ఉన్నాయని అందులో రాశారు. హత్య సెక్షను, దాని పక్కన పేలుడు పదార్థాల చట్టం. బెయిలు రాలేదు. నేరం రుజువైతే యావజ్జీవమో, అంతకు మించో అని సార్ చెప్పినప్పుడు ఖాజాబీ ఒళ్లో నెలల పాప నిద్రపోతోంది.

జైల్లో కలిసినప్పుడు మస్తాన్ చెప్పింది ఇది.

“నేను షాపులోకే పోలేదు సార్. పెండ్లయిన ఏడేండ్లకు మాకు పాప పుట్టింది. దర్గాలో మొక్కు తీర్చుకుందామని వచ్చినా. తీర్చుకొని బస్టాండుకు వస్తాంటే రోడ్డు మీద ఉన్నప్పుడు పేలింది. తలుపు కాడ ఒకాయన పడింటే లాగబోయినా. అంగీ అప్పుడే మాడింది. భయమేసి పరిగెత్తినా.”

సార్ నమ్మారు. నేనూ నమ్మాను. మస్తాన్ తండ్రి హుసేన్ సాబ్ అయితే ఆ మాటను ధర్మవరమంతా చెప్పుకున్నాడు. “దేవుని కాడికి పోయొచ్చే మనిషిని పట్టుకున్నారు” అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

విచారణ మొదలయ్యేసరికి ఏడాది దాటింది. షెడ్డులో గాయపడినవాళ్లు ఒక్కొక్కరే బోనెక్కారు. ఒకాయన చిల్లర కోసం లోపలికి వెళ్లాడట. ఒకాయన వానకు తడవకుండా నిలబడ్డాడట. ఒక మేస్త్రీ తన కూలిమనిషిని వెతుక్కుంటూ వెళ్లాడట. చనిపోయిన కండక్టరు భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “మా ఆయన తాగడు సార్. టికెట్లకు చిల్లర కావాలని పోయినాడు” అంది. ఆమెను క్రాస్ చేయడానికి, అంటే ఎదుటి పక్షం తరఫున ప్రశ్నలు అడగడానికి, మా సార్ లేవలేదు.

ఆఫీసుకు వచ్చి కోటు విప్పుతూ అన్నారు.

“ఏమబ్బా ఓబులేసూ, గవర్నమెంటు ఆ షాపుకు లైసెన్సు ఇచ్చింది బ్రాందికా, చిల్లరకా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఒక్కడంటే ఒక్కడు, నేను ఆడ కూర్చోని తాగుతాంటి, బాంబు ఏసినోని మొగం ఇట్లా ఉన్నింది, మస్తాన్ కాదు అని చెప్తే కేసు తేలిపోతాది. అందరూ నేల చూస్తాండారు. తాగలేదని చెప్పుకునే తొందరలో యా ఒక్కడూ ఏమీ చూడలేదంటాండాడు.”

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు వారపత్రికలో ఒక వ్యాసం చదివాను. ఐర్లండు గొడవల కాలంలో, ఇంగ్లండులోని ఒక నగరంలో, రెండు పబ్బుల్లో బాంబులు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పబ్బు కూడా మద్యం అమ్మే చోటే గానీ మన బ్రాంది షాపు లాంటిది కాదు. ఆడా మగా కలిసి వెళ్తారు, వెళ్లామని చెప్పుకోవడానికి సిగ్గుపడరు. చనిపోయినవాళ్లలో చాలామంది పడుచువాళ్లు. ఆ కోపంలో పోలీసులు ఆరుగురు ఐరిష్ వాళ్లను పట్టుకున్నారు. చేతులు తుడిచి పరీక్ష చేసి, కొందరి చేతుల మీద పేలుడు మందు ఆనవాళ్లున్నాయన్నారు. ఆరుగురికీ యావజ్జీవం పడింది. దాదాపు పదహారేళ్లు గడిచాక గానీ వాళ్లు బయటికి రాలేదు. వాళ్లలో ఐదుగురు ఆ రోజు రైల్లో పేకాడుకుంటూ వెళ్లారు. పేకముక్కల మీది పూత తగిలిన చేతులకు కూడా ఆ పరీక్ష అదే ఫలితం చూపించగలదని తర్వాత తేలింది.

పొద్దున్నే పరుగున వెళ్లి సార్‌కు చెప్పాను. ఆయన చివరి దాకా విన్నారు.

“వాళ్లకు పేకముక్కలు, మనకు రంగుతొట్టి. బాగుండాది. కానీ నీ వారపత్రికను జడ్జి గారి ముందర పెడితే నన్ను బయటికి పంపిస్తాడు. మనకు కావాల్సింది మనుషులు. ధర్మవరం పోయి రంగులోళ్లను ఇద్దర్ని మాట్లాడుకొని రా.”

రంగుల షెడ్డులో ఆవిరికి ఎదుటి మనిషి కనిపించలేదు. మరిగే తొట్టెల్లో పట్టుదారం చిలపలను కర్రలకు వేసి తిప్పుతున్నారు. పెద్దన్న చేతులు మోచేతుల దాకా పసుపు. నాగరాజు చేతులు ఆకుపచ్చ. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ చేతులు చాలు, మాటలే అక్కర్లేదు అనుకున్నాను. సార్ కూడా ఫోనులో వాళ్లతో స్వయంగా మాట్లాడి, “జడ్జి గారికి చేతులు చూపించాల్సి వస్తాది, తప్పకుండా రండి” అని చెప్పారు.

వాయిదా రోజు ఇద్దరూ మొదటి బస్సుకే దిగారు. తెల్ల చొక్కాలు వేసుకుని, తలకు నూనె పెట్టుకుని వచ్చారు. వాళ్ల చేతులు చూసి నేను నిలబడిపోయాను. తెల్లగా, ముడతలు పడి, నానిన శనగల్లా ఉన్నాయి.

“ఏమప్పా ఇది?”

“ఏముండాది? జడ్జి దొరకు చేతులు చూపించాలంటిరి గదా” అన్నాడు పెద్దన్న. “బ్లీచింగు పౌడరు, నిమ్మకాయ ఏసి తోమినాము. మా ఆడోళ్లు గూడా కూర్చోని తోమినారు. కోర్టులో మురికి చేతులు చూపిస్తామా?”

పెళ్లికొడుకులా రెండు చేతులూ చాచి తిప్పి చూపించాడు. ఒకచోట చర్మం లేచి ఎర్రగా ఉంది. సార్ చూసి నుదురు పట్టుకున్నారు. కానీ సాక్షుల పేర్లు ఇచ్చేశాం, జడ్జి గారు పీఠం మీద ఉన్నారు. పెద్దన్న బోనెక్కాడు. పట్టుకు రంగు అద్దేవాళ్ల చేతులు ఎప్పుడూ రంగుతోనే ఉంటాయని చెప్పాడు. తర్వాత ప్రభుత్వం తరఫు వకీలు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు, లేచాడు.

“ఈరోజు నీ చేతులకు రంగు లేదే?”

“తోముకోనొస్తిమి సార్.”

“తోముకుంటే పోతుందన్నమాట.”

“పోతాది సార్. మంటెత్తుతాది గానీ పోతాది.”

“రోజూ తోముకుంటారా?”

“రోజూ యాడ సార్? పెండ్లికి, సావుకు, గుడికి, అట్లా పెద్ద పనులకు పోయేటప్పుడు.”

“దర్గాకు పోయేటప్పుడు?”

పెద్దన్నకు కోపం వచ్చింది. “దేవుని కాడికి రంగు చేతులతో ఎవురు పోతార్ సార్! మస్తానూ అంతే. మా అందరికంటే వానికే పట్టింపు ఎక్కువ.”

స్నేహితుడికి మేలు చేశానని పెద్దన్న ముఖం వెలిగిపోయింది. ప్రాసిక్యూటరు జడ్జి గారి వైపు చూసి, “అంతే” అని కూర్చున్నాడు. దర్గాకు వెళ్లొచ్చానన్న మనిషి చేతులు ఆ రోజు పసుప్పచ్చగా ఉన్నాయని కోర్టంతటికీ తెలుసు.

భోజన విరామంలో, కానిస్టేబుల్ అనుమతితో, సార్ వరండా చివర మస్తాన్ పక్కన కూర్చున్నారు. మెల్లగా అడిగారు. మస్తాన్ పలకలేదు. ఇటువైపు తిరిగి, “ఏం సార్?” అన్నాడు.

“దర్గాకు పోయినావా, లేదా అంటాండా. నీ అబద్ధానికి నేను సాక్షుల్ని తోమించి తెచ్చినా. ఇంకొక్కసారి అడుగుతా. ఆ దినం యాడ ఉంటివి?”

మస్తాన్ సంకెళ్ల వైపు చూశాడు.

“లోపలే ఉంటి సార్.”

“తాగినావా?”

“తాగినా.”

“ముందే చెప్పి ఏడ్వకూడదా! లోపలుండే ప్రతివాని ఒంటి మీదా ఆ మందు పడింటాది. నువ్వు లోపల లేనంటివి కాబట్టే నీ అంగీ మీది మందు నీకు ఉరితాడైంది. మిగిలినోళ్ల అంగీలు పరీక్షకే పోలేదు.”

“పట్టుకున్నాంక మా నాయన వచ్చినాడు సార్. యాడికి పోయింటివిరా అన్నాడు. దర్గాకు అని నోట్లోంచి వచ్చేసింది. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. మా వీధిలో తాగినోళ్లకు బుద్ధి చెప్పేదే ఆయన. ఆ మాట నమ్మి ఊరంతా చెప్పినాడు. ఇంక ఎనక్కు ఎట్లా తీసుకునేది? జైలంటే ఎన్నేండ్లకైనా ఇడుస్తారు. తాగి ఉంటినని తెలిస్తే మా నాయన మొగం మళ్లా చూడలేను.”

ఎవరితో తాగావని సార్ అడిగితే అదీ చెప్పాడు. గుడిబండ దగ్గరి ఒక పల్లెలో రామచంద్రప్ప అనే రైతు ఉన్నాడు. భూమి ఉన్న మనిషి. మల్బరీ వేసి పట్టు తీసి, దారం అమ్మడానికి ధర్మవరం వస్తుంటాడు. ఆ రోజు పెనుకొండలో కలిసినప్పుడు మస్తాన్ పాప పుట్టిందని చెప్పాడు. “ఆడబిడ్డ పుట్టితే పార్టీ ఏదప్పా?” అని రామచంద్రప్పే లోపలికి లాక్కెళ్లాడు. బాంబు పేలాక ఎవరి దారిన వాళ్లు పరుగెత్తారు. మస్తాన్ దొరికాడు, రామచంద్రప్ప దొరకలేదు.

ఆ సాయంత్రం మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి ఆ వారపత్రిక తీశాను. మొదటిసారి చదివినప్పుడు నా ధ్యాసంతా చేతుల మీదే ఉంది. ఆ రైల్లో వెళ్లినవాళ్లు మొదట పోలీసులకు ఒక అబద్ధం చెప్పారని ఈసారి గమనించాను. నిజానికి వాళ్లలో ఎక్కువమంది బాంబు పెడుతూ చనిపోయిన ఒక తెలిసినవాడి అంత్యక్రియలకు ఊరు వెళ్తున్నారు. ఆ మాట చెబితే అనుమానిస్తారని దాచారు. దాచిన ఆ మాటే తర్వాత వాళ్ల మెడకు చుట్టుకుంది. వాళ్లది భయం, మస్తాన్‌ది సిగ్గు. రెండూ మనిషిని ఒకే చోటికి తీసుకెళ్తాయని ఆ బల్ల దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నాను.

హుసేన్ సాబ్‌ను పిలిపించి సార్ విషయం చెప్పారు. ఆ పెద్దాయన మంచినీళ్లు అడిగాడు. తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

“రాయండి సార్” అన్నాడు చివరికి. “నా కొడుకు తాగినాడని రాయండి. నేనే వచ్చి చెప్తా.”

“మీరు చూడలేదు కదా సాబ్. మీ సాక్ష్యం చెల్లదు.”

“అయితే చూసినాయప్ప యాడుండాడు? ఓబులేసప్పా, పోదాం పా.”

ఆ ఇంటికి వెళ్లేసరికి రామచంద్రప్ప వసారాలో కూర్చుని తట్టల్లోని పురుగులకు ఆకు చల్లుతున్నాడు. యాభై దాటిన మనిషి, నిండుగా ఉన్నాడు. మస్తాన్ పేరు వినగానే చెయ్యి ఆగింది.

“యా మస్తానప్పా? రంగులోళ్లు ఎంతోమంది ఉంటారు.”

“నీతో తాగినోడు” అన్నాడు హుసేన్ సాబ్.

రామచంద్రప్ప లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి, “దుడ్లు కావాలంటే ఇస్తా. వకీలుకు ఇచ్చుకోండి” అన్నాడు.

“దుడ్లు వద్దప్పా. నేను కొట్లాటకు రాలేదు. నా కొడుకు తాగినాడని మా మసీదు కాడ, మా వీధిలో నేనే నోరిప్పి చెప్పొచ్చినా. నువ్వు చెప్పాల్సింది మిగిలిండేది సగమే.”

“నీకు కొడుకు సాయిబూ. నాకు ఊరు. సారాయి మాన్పించేటప్పుడు, తాగినోన్ని గుడి ముందర నిలబెట్టి తప్పు కట్టించాలని ఈ ఊర్లో కట్టు పెట్టిందే నేను. మొన్న మొన్న కూడా ఒకనికి కట్టించినా. వాడు ఏడ్చినా ఇడువలేదు. బాంబు ఏసినోళ్లంటే నాకు భయం లేదు. ఆ గుడి ముందర ఎట్లా నడిచేది?”

లోపలి గడపలో ఆయన భార్య లక్ష్మమ్మ ఆకు తరుగుతోంది. తలెత్తకుండా, ఆకుతో మాట్లాడినట్టు అంది.

“తొడకు కంచె కమ్మి గీరిందంటివి. ఆస్పత్రికి కర్ణాటకకు ఎందుకు పోయింటివో నేను అడగలేదు. ఆ నెత్తురు పంచె నేనే కాల్చినా. కమ్మికి మందు వాసన యాడిది? రెండేండ్లుగా నిద్రలో ఎగిరెగిరి పడతాండావు. నీ ఊరు నీ పక్కన పండుకుంటాదా, నేను పండుకుంటానా?”

రామచంద్రప్ప మళ్లీ తట్టల దగ్గర కూర్చుని ఆకు చల్లసాగాడు. హుసేన్ సాబ్ ఆయనకు సలాం చేసి బయటికి వచ్చాడు. బస్సులో తిరిగి వస్తుంటే ఆయన వేళ్లు జపమాల లేకపోయినా కదులుతూనే ఉన్నాయి.

మస్తాన్ వాంగ్మూలం సరిదిద్దుకుంటామని, ఇంకొక సాక్షిని విచారించమని సార్ అర్జీ వేశారు. ఓడిపోయేటప్పుడు అల్లిన కథ అని ప్రాసిక్యూటరు గట్టిగా వాదించాడు. అయినా జడ్జి గారు ఒక్క వాయిదా ఇచ్చారు. ఆ రోజు కేసు పిలిచే దాకా రామచంద్రప్ప రాలేదు. మస్తాన్ బోనులో నిలబడి తలుపు వైపే చూస్తున్నాడు. బిళ్ల బంట్రోతు రెండోసారి పేరు పిలిచాక, తెల్ల పంచె కట్టుకుని, వెనక లక్ష్మమ్మతో, ఆయన లోపలికి వచ్చాడు.

జరిగింది చెప్పాడు. మస్తాన్ తన ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడని, వీధి తలుపు తోసి ఎవరో మొహానికి తువ్వాలు కట్టుకున్నవాడు విసిరాడని చెప్పాడు. “గంగన్న గ్లాసులు తీసుకొని మా బల్ల కాడికి వస్తాన్న్యాడు సార్. ఆయప్ప అడ్డం ఉండబట్టి మేము బతికినాం” అన్నాడు.

ప్రాసిక్యూటరు లేచాడు.

“మీ ఊళ్లో తాగేవాళ్లకు జరిమానా వేసే పెద్దమనిషివి నువ్వేనా?”

“నేనే సార్.”

“అలాంటివాడివి బ్రాంది షాపులోకి ఎందుకు వెళ్లావు? నువ్వు కూడా చిల్లర కోసమేనా?”

హాల్లో కొందరు నవ్వారు. రామచంద్రప్ప ఆ నవ్వు ఆగేదాకా ఆగాడు.

“లేదు సార్. తాగేదానికే పోయినా.”

ఆ కేసులో ఆ మాట చెప్పిన మొదటి సాక్షి ఆయనే. తర్వాత ఎవరూ అడగకముందే పంచె పక్కకు తీసి తొడ మీది మచ్చ చూపించాడు. ఇనుపముక్క తీసిన చోట చర్మం గుంట పడి ఉంది. నేను బోను వైపు చూశాను. మస్తాన్ తల వంచుకుని ఏడుస్తున్నాడు. గోడ పక్కన నిలబడిన హుసేన్ సాబ్ తల ఎత్తుకునే ఉన్నాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. జడ్జి గారు ఇంగ్లీషులో, తక్కువ గొంతుతో చదివారు. సార్ నా భుజం నొక్కారు. మస్తాన్ కదల్లేదు. జడ్జి గారు లోపలికి వెళ్లిపోయాక నన్ను చేత్తో పిలిచాడు.

“ఎన్నేండ్లు ఏసినారప్పా?”

“విడుదల మస్తాన్. వదిలేశారు.”

అతను తల తిప్పి కుడి చెవి నా నోటికి దగ్గరగా పెట్టాడు. “ఎన్నేండ్లు?”

అప్పుడు నాకు అర్థమైంది. బాంబు మోతకు అతని చెవి పగిలింది. జైల్లో ఏ డాక్టరుకూ చెప్పలేదు. చెబితే బాంబు పక్కనే ఉన్నట్టు ఒప్పుకోవడం అవుతుందని దాచాడు. చీము కారినా దాచాడు. హిందూపురంలో చెవి డాక్టరు చూసి, ఎడమది పూర్తిగా పోయిందని, కుడిది సగం మిగిలిందని, ముందే వస్తే ఏమైనా చేసి ఉండేవాణ్ణని అన్నాడు. ఆ రోజు కోర్టు బయట ఖాజాబీ పాపను కిందికి దించి, “నాయన” అని చూపించింది. పాప పరుగెత్తి హుసేన్ సాబ్ కాళ్లను పట్టుకుంది. ఆమెకు తెలిసిన మగమనిషి ఆయనొక్కడే.

బాంబు వేసినవాడెవరో ఇప్పటికీ తేలలేదు. గంగన్న కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. రామచంద్రప్ప ఊరికి వెళ్లి, ఎవరూ పిలవకముందే గుడి ముందు నిలబడి తప్పు కట్టాడు. ఊరు తీసుకుంది. మళ్లీ ఆయనను పంచాయితీకి మాత్రం పిలవలేదు. కండక్టరు భార్య ఇప్పటికీ మా ఆయన చిల్లర కోసం వెళ్లాడనే చెబుతుంది. ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమెకు మిగిలింది ఆ మాటే.

ఈ కేసు తర్వాత మా ఆఫీసులో ఒక పద్ధతి మారింది. కొత్త క్లయింటు వస్తే తండ్రినీ భార్యనూ అన్నదమ్ములనూ బయట టీ తాగమని పంపిస్తాం. తలుపు వేశాక మొదటి ప్రశ్న ‘ఏం జరిగింది?’ అని కాదు. ‘ఇంట్లో ఎవరికి ఏది తెలియకూడదు?’ అని అడుగుతాం. మనిషి పోలీసులకు చెప్పే అబద్ధాన్ని వకీలు కనిపెట్టగలడు. ఇంటివాళ్ల కోసం చెప్పే అబద్ధాన్ని మాత్రం ఆ మనిషి జైలు దాకా మోసుకెళ్తాడు.

ఇది రాయడానికి పాత కట్టలు వెతికి ఇచ్చిన మా వెంకటరమణ సార్‌కు, మూలన పడిన ఆ వారపత్రికను మూడోసారి కూడా విసుక్కోకుండా తీసి ఇచ్చిన గ్రంథపాలకుడు శేషాచలం గారికి, తన మాటలను తనవిగానే రాయమన్న లక్ష్మమ్మకు, తన పేరు దాచొద్దన్న రామచంద్రప్పకు, కోర్టు సంగతి అడిగితే ఇప్పటికీ సిగ్గుపడే పెద్దన్నకు, పక్కన నిలబడ్డ నాగరాజుకు, అడిగి రాయించిన ఖాజాబీకి, ఈమధ్యే కన్నుమూసిన హుసేన్ సాబ్‌కు నా కృతజ్ఞతలు.

చివరగా మస్తాన్‌కు. రాసినదంతా పట్టుకుని ధర్మవరం వెళ్లి, అతని కుడి చెవి పక్కన కూర్చుని, గట్టిగా చదివి వినిపించాను. అతను మధ్యలో ఒక్కసారే ఆపాడు.

“తాగినాడు, తాగినాడు అని అన్నిసార్లు రాసినావే అప్పా. పాప చదువుతాది.”

“కొట్టేయమంటావా?”

అతని చేతులు ఆ రోజు ఎర్రగా ఉన్నాయి. వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“వద్దులే. ఉండనీ. పాపకు మొదట ఆ మాటే తెల్యాల.”